ఏడో మాట

రొసారియోలో, పరనా నది ఒడ్డున
మా నాన్నది తాళాల కొట్టు.
"తాను తీయలేని తాళం చేసినవాడు
పనివాడు కాదు, పగవాడు" అనేవాడు
ఆకురాయి ఆపకుండానే.

తీయలేని తాళాలు చేసి బతికాను నేను.

మొదట బ్యాంకులో,
నాకంటే వయసులో పెద్దదైన ప్రోగ్రాముకి
ఆయాలాగా ఊడిగం.
పెసోకి పొద్దున ఒక ధర, పొద్దుగూకితే ఒక ధర.
జీతం పడిన రోజే నూనె, పిండి, మాతే ఆకు
ఇంట్లో పట్టినంత కొనేసేవాళ్ళం.
డబ్బు కరుగుతుందని ఐసు అమ్మేవాడికి చెప్పాలా,
మాకు చెప్పాలా?
అందుకే ఇతురియాగా వచ్చి
"ఏ మంత్రీ అచ్చు వేయలేని నాణెం చేద్దాం" అన్నప్పుడు
చేతిలో మాతే చల్లారకముందే
రాజీనామా రాసిచ్చాను.

ఆరేళ్ళు. అన్నీ రాత్రులే.
నా కోడులో తప్పులు ఎంచేవాళ్ళు ముగ్గురు:
టాలిన్‌లో ఒకతను, లాగోస్‌లో ఒకామె,
ఇంకొకరికి పేరు లేదు, నక్క బొమ్మ ఒక్కటే.
"నూట పద్నాలుగో వరుసలో ఒకటి తక్కువ"
అని రాసింది నక్క ఒకసారి, అంతే.
ఆ ఒక్కటి పట్టకపోతే మునిగే కొంపలు తలచుకుంటే
ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.
ఆ నక్కకి నేనెప్పుడూ కృతజ్ఞత చెప్పలేదు.

జీతం మా నాణెంలోనే.
ఒక మంగళవారం పళ్ళు తోముకుంటూ చూస్తే
కోటీశ్వరురాలిని.
ఆ పై చలికాలం గ్యాసు బిల్లుకి
అన్న ముందు చేయి చాచాను.
మధ్యలో ఏం కొన్నావని అందరూ అడుగుతారు.
కుర్చీ. నడుముకి మంచిదట.

ఇప్పుడు మధ్యాహ్నాలు నాన్న కొట్లో కూర్చుంటున్నాను.
నిన్న చేపల ఎవరిస్తో భార్య నెలిదా
ఒక పొట్లం కాగితం తెచ్చింది.
అతను పోయి నలభై రోజులు.
కాగితం మీద పెన్సిలుతో పన్నెండు మాటలు,
ఏడోదాని మీద మాత్రం
ఎండిన చేప నెత్తురు.
నాన్న కళ్ళజోడు పైకెత్తి చూసి
నా వైపు తోశాడు: "ఇది నీ రకం తాళం."

జాబితాలో మాటలు రెండువేల నలభై ఎనిమిది.
ఒక్కొక్కటే ఆ ఖాళీలో పెట్టి చూడమని
యంత్రానికి చెప్పాను.
నెలిదా బల్ల అంచు పట్టుకుని నిలబడింది.
నాన్న ఎవరిదో సైకిలు తాళానికి నూనె వేస్తున్నాడు.
ఆ చుక్క జారి లోపలికి ఇంకేలోగా
తెరుచుకుంది.

లోపల ఉన్నది మా నాణెం.
నేను కట్టినది, నా జీతం వచ్చినది,
ఇప్పుడు రొట్టెముక్కకి కూడా చెల్లనిది.
పదకొండు వేల ముక్కలు
మూడేళ్ళపాటు నెలనెలా
చేపలమ్మి కొన్నాడు.
ఒకసారి కొట్టు ముందు తూకం వేస్తూ
"తాళాలాయన కూతురిదే కదా" అని నవ్వాడు నాతో.
ఏం నవ్వో అప్పుడు అడగలేదు నేను.

ధర చెప్పాను. సున్నాలు ఏ పక్కన ఉన్నాయో చెప్పాను.
ఆమె అది విన్నదో లేదో.
"ఏడో మాట ఏమిటమ్మా?" అంది.

"వాన."

"వానా?" అని ఆమె పకపకా నవ్వింది.
"వాన పడితే బేరాలుండవని
పొద్దున లేస్తూనే ఆకాశాన్ని తిట్టేవాడు!"
నవ్వుతూనే కూలబడింది నా కుర్చీలో,
నడుముకి మంచిదైన ఆ కుర్చీలో.

వెళ్తూ ఎంతివ్వాలని అడిగింది.
వీధివాళ్ళ తాళం తీస్తే డబ్బు తీసుకోమని
నాన్న చెప్పాడు.
సాయంత్రం ఒక సాబలో చేప పంపింది,
శుభ్రం చేసి, ఉప్పు రాసి.
పొట్లం కాగితం విప్పాను,
రెండు వైపులా తిప్పి చూశాను.